11 నెలల అగ్రిమెంట్ అయిపోయింది, కొత్తది రాయకుండా నెల నెలా ఉండొచ్చా? (బెంగళూరు)

నెల్లూరు_కుందలహళ్ళి

అందరికీ నమస్తే. మేము కుందలహళ్ళి గేటు దగ్గర డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో అద్దెకు ఉంటున్నాం. 11 నెలల అగ్రిమెంట్ పోయిన నెలాఖరుతో అయిపోయింది. ఈ నెల ఎప్పటిలాగే 32,000 అద్దె ఫోన్‌పేలో పంపాం, ఓనర్ అంకుల్ తీసుకున్నారు, "అందిందమ్మా" అని వాట్సాప్‌లో కూడా పెట్టారు. తర్వాత వాళ్ళబ్బాయి ఫోన్ చేసి మళ్ళీ 11 నెలలకు కొత్త అగ్రిమెంట్ రాసుకుందాం, అద్దె పది శాతం పెంచాలి, మొదటి ఆరు నెలలు లాకిన్, అంటే ఆలోపు ఖాళీ చేసినా ఆ నెలల అద్దె కట్టాల్సిందే అంటున్నాడు.

మా ఇబ్బంది ఏంటంటే వర్తూరు వైపు ఫ్లాట్ కొన్నాం. బిల్డర్ ఉగాదికి తాళాలిస్తానన్నాడు, ఇప్పుడు దసరా అంటున్నాడు, దసరాకైనా ఇస్తాడో లేదో తెలీదు, రేపే పిలిచి ఇచ్చినా ఇవ్వొచ్చు. లాకిన్‌కి ఒప్పుకున్నాక ఇల్లు చేతికొస్తే ఈఎంఐ ఒకపక్క, ఖాళీ ఇంటికి అద్దె ఇంకోపక్క కట్టుకుంటూ కూర్చోవాలి. అందుకే "అంకుల్, నెల నెలా పద్ధతిలో ఉంటాం, వెళ్ళేముందు చెప్పి వెళ్తాం" అని అడుగుదామనుకుంటున్నా. ఇలా ఉండటం చట్టప్రకారం కుదురుతుందా? కాగితం లేకపోతే మా అడ్వాన్స్ 1,60,000 సంగతేంటి? మావారేమో సంతకం పెట్టేద్దాం, గొడవెందుకు అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

మారతహళ్ళి_పాతకాపు

అక్కా, గడువు అయ్యాక కాగితం లేకుండా ఉంటే పరాయి ఇంట్లో దౌర్జన్యంగా ఉన్నట్టే లెక్క. ఓనర్ రేపు పోలీసులను తీసుకొచ్చి సామాను బయట పెట్టించినా అడిగే దిక్కుండదు. ముందు సంతకం పెట్టండి, కావాలంటే లాకిన్ ఆరు నుంచి మూడు నెలలకు తగ్గించమని బతిమాలండి. పిల్లలున్న ఇల్లు, రిస్క్ వద్దు.

బీటీఎం_బ్యాచ్

అదేం లేదన్నా. గడువు అయ్యాక కూడా అద్దె తీసుకున్నాడంటే ఓనర్ ఒప్పుకున్నట్టే. ఇక అక్కను ఎవరూ కదపలేరు. పాత అద్దే కడుతూ ఎన్నాళ్ళైనా ఉండొచ్చు. సంతకం పెట్టొద్దు అక్కా, అస్సలు పెట్టొద్దు.

లాయర్_మల్లేశ్వరం

పైన రెండు మాటలూ సగం సగమే. నేను ఇక్కడ సివిల్ కోర్టుల్లో అద్దె తగాదాలు చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఈ విషయం సరిగా తెలియక అనవసరంగా భయపడి సంతకాలు పెట్టేవాళ్ళనూ, ధీమాగా కూర్చుని తర్వాత ఇబ్బంది పడేవాళ్ళనూ ఇద్దరినీ చూశాను.

బెంగళూరులో చాలామంది అద్దె అంటే కర్ణాటక రెంట్ యాక్ట్ ఉంది కదా అనుకుంటారు. 1999 నాటి ఆ చట్టం బెంగళూరులో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు వర్తించదు. ఈ రోజుల్లో 3,500కి సింగిల్ రూమ్ కూడా దొరకదు. అంటే మీ 32,000 ఇల్లు దాని కిందకి రాదు. మీకు వర్తించేది 1882 నాటి ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్.

ఆ చట్టంలో 111వ సెక్షన్ ప్రకారం గడువు రాసుకున్న అద్దె ఆ గడువు తీరగానే దానంతట అదే ముగుస్తుంది, ఎవరూ ఎవరికీ నోటీసు ఇవ్వక్కర్లేదు. ఆ మరుసటి రోజున ఓనర్ "ఖాళీ చేయండి" అని అద్దె తీసుకోకుండా ఉండి ఉంటే మీ పరిస్థితి వేరు. కానీ మీరు ఇంట్లోనే ఉన్నారు, ఆయన అద్దె తీసుకున్నారు, అందిందని రాశారు కూడా. ఇక్కడే 116వ సెక్షన్ వస్తుంది. గడువు తీరాక కూడా అద్దెదారు ఇంట్లో కొనసాగుతూ, ఓనర్ అద్దె తీసుకుంటే లేదా మరో విధంగా ఒప్పుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ అద్దె కొత్తగా మొదలైనట్టు. నివాసం ఇళ్ళకైతే నెల నెలా అద్దెగా మొదలైనట్టు. కాబట్టి మీరు అడగబోతున్న పద్ధతిలోనే మీరు ఇప్పుడు ఉన్నారు. దౌర్జన్యం మాటే లేదు. పోలీసులు వచ్చి సామాను బయట పెట్టించే అధికారం ఎవరికీ లేదు. కోర్టు ద్వారా తప్ప బలవంతంగా ఖాళీ చేయిస్తే 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి ఇల్లు తిరిగి తీసుకోవచ్చు.

ఇక రెండో తమ్ముడి మాట. నెల నెలా అద్దెను ఎవరైనా ముగించవచ్చు. 106వ సెక్షన్ ప్రకారం వేరే ఒప్పందం లేకపోతే 15 రోజుల నోటీసు చాలు. మీరు వెళ్ళాలన్నా 15 రోజులే, వాళ్ళు పంపాలన్నా 15 రోజులే. కారణం చెప్పాల్సిన పని లేదు. నోటీసు తర్వాత కూడా మీరు కదలకపోతే వాళ్ళు కోర్టుకు వెళ్ళాలి, దానికి టైం పడుతుంది, అది నిజమే, కానీ ఆ దావా చివరికి మీకు అనుకూలంగా రాదు, పైగా నష్టపరిహారం కట్టాల్సి రావొచ్చు. "కదపలేరు" అన్నది తప్పు.

నెల్లూరు_కుందలహళ్ళి

చాలా థాంక్స్ అండి, సగం భయం పోయింది. కానీ 15 రోజులు అంటే కొత్త భయం మొదలైంది. పాప మూడో తరగతి, స్కూల్ నడుస్తుండగా 15 రోజుల్లో ఖాళీ చేయమంటే ఎక్కడికి పోతాం? మా పాత అగ్రిమెంట్‌లో రెండు పక్షాలకూ రెండు నెలల నోటీసు అని రాసుంది, అది ఇప్పుడు చెల్లుతుందా చెల్లదా?

లాయర్_మల్లేశ్వరం

మంచి ప్రశ్న. 116 కింద కొనసాగేటప్పుడు గడువు తప్ప మిగతా పాత షరతులు, నెల నెలా పద్ధతికి పొసిగినంతవరకు, కొనసాగుతాయని కోర్టుల్లో వాదిస్తాం, చాలాసార్లు నిలబడుతుంది కూడా. అద్దె ఎంత, ఏ తారీఖున కట్టాలి, మెయింటెనెన్స్ ఎవరిది, ఇలాంటివి. లాకిన్ మాత్రం గడువుకు కట్టుబడిన షరతు, గడువుతో పాటే పోయింది. రెండు నెలల నోటీసు దగ్గరే పేచీ వస్తుంది. మీరు వెళ్ళాలనుకున్నప్పుడు ఓనర్ "రెండు నెలలు రాసుకున్నాం కదా" అంటారు, వాళ్ళు పంపాలనుకున్నప్పుడు "అది అయిపోయిన కాగితం, 15 రోజులే" అంటారు. అందుకే నా సలహా ఒక్కటే. నెల నెలా ఉండండి, కానీ నోటిమాటగా వద్దు. ఒక్క పేజీ రాసుకోండి. 106లోనే "వేరే ఒప్పందం లేనప్పుడు" అని ఉంది, అంటే మీరు ఎన్ని రోజుల నోటీసు రాసుకుంటే అదే నడుస్తుంది. మీ పక్క నెల, వాళ్ళ పక్క రెండు నెలలు అని రాసుకున్నా తప్పు లేదు.

దీనికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. ఏడాదికి మించిన గడువు ఉన్నా, ఏటేటా సాగే అద్దె అయినా రిజిస్టర్ చేయించాలని 107వ సెక్షన్, 1908 నాటి రిజిస్ట్రేషన్ యాక్ట్ 17వ సెక్షన్ చెప్తాయి. అందరూ 11 నెలలు రాసుకోవడానికి కారణం అదే. నెల నెలా అద్దెకు ఆ బాధ లేదు.

బీటీఎం_బ్యాచ్

అన్నా సరే, 15 రోజులు నాకు తెలీదు, చెప్పినందుకు థాంక్స్. అద్దె సంగతేంటి మరి? వాళ్ళబ్బాయి పది శాతం అంటున్నాడు. కాగితం లేనప్పుడు పాతదే కట్టొచ్చు కదా?

లాయర్_మల్లేశ్వరం

ఒక పక్షం తనంతట తాను అద్దె పెంచడానికి వీల్లేదు, నిజమే. కానీ ఒప్పుకోకపోతే నోటీసిచ్చి ముగించే హక్కు వాళ్ళకుంది, కాబట్టి ఆచరణలో అది బేరమే.

హోరమావు_ఇంటాయన

నేను ఇంటి ఓనర్ని. చిత్తూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడి ఇల్లు కట్టుకున్నాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. మా వైపు సంగతి కూడా వినండి, ఎందుకంటే ఓనర్లందరూ డబ్బు కోసమే లాకిన్ అడుగుతారని ఇక్కడ రాస్తుంటారు.

ఇల్లు ఖాళీ అయితే మళ్ళీ మంచివాళ్ళు దొరికేదాకా ఇంటి లోన్ మా జేబులోంచే కట్టాలి. బ్రోకర్‌కి ఒక నెల అద్దె, పెయింటింగ్, చిన్నచిన్న ప్లంబింగ్ పనులు. ఇల్లు పట్టుకున్నవాడు మూడు నెలలకే వెళ్ళిపోతే ఇదంతా మళ్ళీ మొదలు. అందుకని కొత్తగా వచ్చేవాళ్ళకు లాకిన్ పెడతాం, అందులో న్యాయం ఉంది. కానీ ఏడాది ఉండి, అద్దె టైముకు కట్టి, ఇల్లు శుభ్రంగా పెట్టుకున్న కుటుంబానికి మళ్ళీ కొత్తగా ఆరు నెలలు లాకిన్ అనడం నాకైతే నచ్చదు. బ్రోకర్ ఖర్చు ఒకసారి అయిపోయింది కదా, మళ్ళీ దేనికి కట్టేస్తారు వాళ్ళని?

మా కింద పోర్షన్ వాళ్ళు మొదటి 11 నెలల తర్వాత నుంచి నెల నెలానే ఉన్నారు. నాకూ అదే సుఖంగా ఉంది. రేపు మా అమ్మాయి అమెరికా నుంచి వచ్చి ఇక్కడే ఉంటానంటే రెండు నెలల ముందు చెప్పి ఇల్లు తీసుకోవచ్చు, అదే 11 నెలల కాగితం ఉంటే అది తీరేదాకా నేనూ ఆగాలి. ఈ మాట మీ ఓనర్ గారికి చెప్పమ్మా. నెల నెలా పద్ధతి అద్దెకున్నవాళ్ళకే లాభం అనుకుంటారు, ఆయన చేతులు కూడా విడిపోతాయని వివరించు. కొడుకుతో కాదు, ఆయనతోనే కూర్చుని మాట్లాడు.

ఇంకో మాట. మా వీధిలో చాలామంది ఓనర్లకు ఒక భయం, కాగితం లేకుండా పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు అద్దెవాళ్ళ పాలవుతుందని. లాయర్ గారు దీని మీద రాస్తే మంచిది.

లాయర్_మల్లేశ్వరం

పన్నెండేళ్ళ లెక్క ఓనర్ హక్కును కాదని, బహిరంగంగా, సొంతదారులా అనుభవించే వాళ్ళ విషయంలో. అద్దె కడుతూ ఉన్నవాడు ఓనర్ అనుమతితో ఉన్నాడు, ఆయనే ఓనర్ అని ఒప్పుకుంటూ ఉన్నాడు. అద్దెకు చేరినవాడు ఆ అద్దె నడుస్తుండగా ఇంటాయన హక్కును కాదనకూడదని సాక్ష్యాల చట్టమే చెప్తుంది. పన్నెండు కాదు, ఇరవై ఏళ్ళు అద్దె కట్టినా ఇల్లు అద్దెవాళ్ళది కాదు. అద్దె బ్యాంకు ద్వారా వస్తుంటే ఓనర్‌కి అంతకంటే గట్టి రుజువు ఇంకోటి లేదు. దయచేసి ఈ భయంతో మంచి కుటుంబాలను పంపేయకండి.

హూడి_హెచ్ఆర్

ఒక ప్రాక్టికల్ సంగతి. మీవారికి హెచ్ఆర్ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) క్లెయిమ్ ఉంటే కంపెనీ వాళ్ళు అగ్రిమెంట్ కాపీ అడుగుతారు, గడువు అయిపోయిన కాపీ పెడితే చాలాచోట్ల వెనక్కి పంపుతారు. నేను పేరోల్‌లోనే పనిచేస్తాను, జనవరి వస్తే ఈ గొడవతోనే సరిపోతుంది. అద్దె రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ నంబర్ తప్పనిసరి. మీది నెలకు 32,000 కాబట్టి పాన్ కావాల్సిందే. లాయర్ గారు చెప్పిన ఒక్క పేజీ కాగితం ఇక్కడా పనికొస్తుంది. అందులో "ఫలానా తారీఖు నుంచి నెల నెలా అద్దె" అని, ఇంటి అడ్రస్, అద్దె మొత్తం, ఇద్దరి సంతకాలు ఉంటే మా దగ్గర తీసుకుంటాం. ముగింపు తేదీ లేదని ఎవరైనా అడ్డం పెడితే ఆ ఆర్థిక సంవత్సరం నెలల రసీదులు జత చేయండి.

అనంత_ఇసిటీ

మాది లీజు ఇల్లు అన్నా, అంటే అద్దె లేదు, 9 లక్షలు ఒకేసారి ఇచ్చి మూడేళ్ళకు తీసుకున్నాం. గడువు దగ్గర పడింది. ఓనర్ డబ్బు సర్దుబాటు కాలేదు, నెల నెలా ఇలాగే ఉండండి అంటున్నాడు. మాకూ ఇదే రూలా?

లాయర్_మల్లేశ్వరం

మీది పూర్తిగా వేరు, కంగారుపడి దీనితో కలపొద్దు. మూడేళ్ళకు రాసుకున్నారు కాబట్టి రిజిస్టర్ అయి ఉండాలి, కాకపోతే కాగితం బలం బాగా తగ్గిపోతుంది. 2000లో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో రిజిస్టర్ కాని ఐదేళ్ళ లీజు గురించి తేల్చింది, అయిదేళ్ళ కాగితం చెల్లదు, కానీ ఇల్లు అప్పగించి అద్దె తీసుకున్నారు కాబట్టి నెల నెలా అద్దె సంబంధం పుట్టిందని. మీ దగ్గర అద్దె కూడా లేదు, పెద్ద మొత్తం ఇరుక్కుని ఉంది. డబ్బు పూర్తిగా అకౌంట్‌లో పడేదాకా తాళాలు ఇవ్వొద్దు, ఆ ఇంటి మీద బ్యాంకు లోన్ ఏమైనా ఉందేమో ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించి చూడండి, కాగితాలతో ఒక వకీలును కలవండి. ఇక్కడ నాలుగు లైన్లలో తేలేది కాదు.

వేళచ్చేరి_గుంటూరు

నేను చెన్నైలో ఉంటాను. ఇదంతా చదివాక ధైర్యమొచ్చింది. మా అగ్రిమెంట్ కూడా వచ్చే నెల అయిపోతుంది, మేమూ ఏమీ రాయకుండా నెల నెలా కట్టుకుంటూ పోతాం, 116 ఉంది కదా.

లాయర్_మల్లేశ్వరం

వద్దండీ, చెన్నైలో అలా చేయకండి! ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్నదే ఇక్కడ అసలు విషయం. తమిళనాడులో 1960 నాటి పాత అద్దె చట్టం పోయి 2017 చట్టం వచ్చింది, 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇంటి అద్దె ఒప్పందం రాతపూర్వకంగానే ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేసి నంబర్ తీసుకోవాలి. 11 నెలలే కదా అని తప్పించుకోవడానికి లేదు. గడువు తీరి, రెన్యువల్ కాకుండా, ఖాళీ చేయకుండా ఉంటే అద్దెదారు పెంచిన అద్దె కట్టాల్సి వస్తుందని కూడా రాసుంది. కాబట్టి మీరు గడువు తీరకముందే ఓనర్‌ను రెన్యువల్ అడగండి, మెయిల్‌లోనో ఉత్తరంలోనో అడగండి, కొత్త కాగితం నమోదు చేయించండి. మీకు తొందరగా వెళ్ళే ఆలోచన ఉంటే ఆ కొత్త ఒప్పందంలోనే తక్కువ నోటీసు పెట్టుకోండి, లాకిన్ లేకుండా రాసుకోండి. వచ్చే ఫలితం దాదాపు అదే, కానీ చట్టం గొడుగు కింద ఉంటారు.

అడ్వాన్స్ విషయంలో మీకు కాస్త మేలు. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదని ఆ చట్టంలో ఉంది. బెంగళూరులో అలాంటి హద్దు లేక పది నెలల అడ్వాన్స్ అడిగిన కాలం కూడా చూశాం.

వేళచ్చేరి_గుంటూరు

అమ్మో, మంచి టైములో చెప్పారు. మా మొదటి అగ్రిమెంట్ నమోదు చేసినట్టు కూడా గుర్తులేదు, ఓనర్‌ని ఈరోజే అడుగుతా.

బీటీఎం_బ్యాచ్

లాయరన్నా, మాదొకటి. ముగ్గురం ఉంటాం, అగ్రిమెంట్ ఒక్కడి పేరు మీదే, వాడిప్పుడు పుణె వెళ్ళిపోతున్నాడు. గడువు అయి నెల నెలా నడుస్తోంది. మేమిద్దరం అలాగే ఉండొచ్చా?

లాయర్_మల్లేశ్వరం

అద్దెదారు అతనే. అతను వెళ్తూ నోటీసిస్తే మీ కాళ్ళ కింద ఏమీ ఉండదు, అడ్వాన్స్ కూడా అతని పేరు మీదే తిరిగొస్తుంది. అతను వెళ్ళకముందే మీ పేర్లతో కొత్త కాగితం, అడ్వాన్స్ మీకు బదిలీ అయినట్టు ఓనర్ రాత తీసుకోండి.

నెల్లూరు_కుందలహళ్ళి

అందరికీ నిజంగా రుణపడి ఉంటాను. ఇంటాయన గారు చెప్పినట్టే ఆదివారం అంకుల్‌తో, ఆంటీతో కూర్చుని మాట్లాడాం. అబ్బాయి కూడా ఉన్నాడు. మొదట్లో అతను ఒప్పుకోలేదు, "మాకు గ్యారంటీ ఏంటి" అన్నాడు. మీరు చెప్పిన మాటే అన్నాను, మీకు ఇల్లు కావాల్సి వస్తే ఏడాది ఆగక్కర్లేదు అని. దానికి ఆంటీ వెంటనే, వాళ్ళ తమ్ముడి కుటుంబం మైసూరు నుంచి ఇక్కడికి మారే ఆలోచనలో ఉన్నారని చెప్పింది. అంటే వాళ్ళకీ ఇదే కావాలి, అబ్బాయి ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన ఫార్మాట్ చూసి లాకిన్ అడిగాడంతే.

చివరికి అద్దె ఆరు శాతం పెంచి 33,900కి ఖాయం చేసుకున్నాం. మా పక్క నుంచి ఒక నెల నోటీసు. వాళ్ళ పక్క నుంచి రెండు నెలలు, పాప పరీక్షల టైం ఫిబ్రవరి, మార్చిలో మాత్రం ఖాళీ చేయమనకూడదని నేను పట్టుబట్టాను, ఆంటీ నా వైపే మాట్లాడింది. మావారు కూడా ఇప్పుడు హ్యాపీ. కాగితం నేనే రాస్తానన్నాను. ఇలా రాశాను, ఏమైనా తప్పితే చెప్పండి:

"ఫలానా తారీఖుతో ముగిసిన అద్దె ఒప్పందం ఆ మరుసటి రోజు నుంచి నెల నెలా అద్దెగా కొనసాగుతున్నట్టు ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. అద్దె నెలకు 33,900, ప్రతి నెలా ఐదో తారీఖులోపు. అద్దెదారు ఒక నెల, యజమాని రెండు నెలల నోటీసుతో ముగించవచ్చు. పాత ఒప్పందంలోని మిగతా షరతులు వర్తిస్తాయి."

హోరమావు_ఇంటాయన

చాలా సంతోషం తల్లీ. పెద్దవాళ్ళతో కూర్చుని మాట్లాడితే సగం పనులు అలాగే అవుతాయి. ఫిబ్రవరి, మార్చి మాట కూడా రాతలో పెట్టు, ఆంటీ మంచావిడే కానీ రేపు తమ్ముడు తొందరపెడితే ఆవిడా ఏం చేస్తుంది.

లాయర్_మల్లేశ్వరం

బాగా రాశారు. నాలుగు చోట్ల సరిచేయండి.

"మిగతా షరతులు వర్తిస్తాయి" అన్నది ప్రమాదం. పాత కాగితంలో లాకిన్ ఉండే ఉంటుంది, దాంతో అదీ వెనక్కి వస్తుందని రేపు అబ్బాయి వాదించొచ్చు. "లాకిన్, గడువు, రెన్యువల్ షరతులు తప్ప మిగతావి" అని స్పష్టంగా రాయండి.

అడ్వాన్స్ ప్రస్తావన అసలు లేదు. మీరు మొదట అడిగిందే అది. "ఇంతకుముందే అందిన 1,60,000 అడ్వాన్స్ యజమాని దగ్గరే కొనసాగుతుంది, ఇల్లు అప్పగించిన రోజున, బకాయిలు పోగా తిరిగి చెల్లిస్తారు" అని రాయండి. అప్పగించిన రోజునే అన్న మాట వదలకండి, లేకపోతే "కొత్తవాళ్ళు వచ్చాక ఇస్తాం" అంటారు.

నోటీసు ఎలా ఇవ్వాలో రాయండి. 106వ సెక్షన్ నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో, పోస్టులోనో చేతికో ఇవ్వాలంటుంది. మీరిద్దరూ రోజూ వాట్సాప్‌లోనే మాట్లాడుకుంటారు కాబట్టి "ఫలానా నంబర్లకు వాట్సాప్, ఈమెయిల్ ద్వారా ఇచ్చిన నోటీసు కూడా చెల్లుతుంది" అని చేర్చండి. అయినా అసలైన రోజున స్పీడ్ పోస్టులో కూడా ఒక కాపీ పంపండి, గడువు లెక్క నోటీసు అందిన తేదీ నుంచి మొదలవుతుంది, అందిన రుజువు ఉంటే వాదనే ఉండదు. పూర్వం నోటీసు అద్దె నెల ఆఖరు రోజుతో ముగియాలనే పట్టింపు ఉండేది, ఒక్క రోజు తేడాతో దావాలు కొట్టేసేవారు. 2002 డిసెంబర్ నుంచి అమలైన సవరణతో ఆ బాధ తగ్గింది. అయినా మీ ఇద్దరి సౌకర్యానికి నెల మధ్యలో ఖాళీ చేస్తే అద్దె రోజుల లెక్కన కట్టాలా, పూర్తి నెలా అన్నది రాసుకోండి. మీ బిల్డర్ తాళాలు ఏ తారీఖున ఇస్తాడో ఎవరికి తెలుసు.

నాలుగోది పెంపు. నెల నెలా అద్దెలో మూడు నెలలకోసారి పెంచమనకుండా "ఈ అద్దె కనీసం పన్నెండు నెలలు మారదు" అని ఒక లైను. దానికి వాళ్ళు ఒప్పుకోకపోతే కనీసం ఎంత ముందు చెప్పాలో రాయండి.

మారతహళ్ళి_పాతకాపు

లాయర్ గారూ, చాలా విషయాలు తెలిశాయి. పెయింటింగ్ సంగతి కూడా చెప్పండి. ఇక్కడ ఏడాది ఉన్నా, అయిదేళ్ళున్నా ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్ అని కోసేస్తారు. నెల నెలాకి మారినప్పుడు ఒకసారి, వెళ్ళేటప్పుడు ఒకసారి కోసే ఓనర్ని నేను చూశాను.

లాయర్_మల్లేశ్వరం

కొనసాగుతున్న అద్దె మధ్యలో కోయడానికి ఏ ఆధారమూ లేదు, ఇల్లు ఖాళీ కాలేదు, పెయింట్ వేయలేదు, దేనికి కోత? వెళ్ళేటప్పుడు కోత కూడా చట్టం చెప్పింది కాదు, కాగితంలో ఒప్పుకున్నారు కాబట్టే ఇస్తున్నారు. 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలను మినహాయించి. గోడలు కాస్త మాసిపోవడం మామూలు వాడకమే. పాత ఒప్పందంలో పెయింటింగ్ షరతు ఉంటే ఈ కొత్త పేజీలోనే "పెయింటింగ్‌కు గరిష్ఠంగా ఇంత, బిల్లు చూపించి" అని మార్పించుకోండి.

నెల్లూరు_కుందలహళ్ళి

పాత కాగితం తీసి చూశా, పెయింటింగ్‌కి ఒక నెల అద్దె అని ఉంది, ఏ నెల అద్దె అన్నది లేదు. 15,000 వరకు, బిల్లు చూపించి అని అడుగుతాను. మిగతా మార్పులన్నీ చేశాను. దీన్ని మామూలు తెల్ల కాగితం మీద రాసుకోవచ్చా, స్టాంపు పేపర్ కావాలా?

హూడి_హెచ్ఆర్

మా పేరోల్‌లో తెల్ల కాగితం తీసుకోం అండి, ఇ-స్టాంప్ మీదే తీసుకోండి.

లాయర్_మల్లేశ్వరం

ఇ-స్టాంప్ మీదే. ఎంత విలువదో అద్దెను, అడ్వాన్స్‌ను బట్టి మారుతుంది, మీ దగ్గరి స్టాంప్ సెంటర్‌లో రెండు అంకెలూ చెప్తే వాళ్ళే లెక్క చూస్తారు. సరిపడా స్టాంపు లేని కాగితాన్ని కోర్టు ముందు పెడితే బాకీ, జరిమానా కట్టాకే చూస్తారు, కాబట్టి అక్కడ పొదుపు చేయొద్దు. ఇద్దరు సాక్షుల సంతకాలు, రెండు కాపీలు, ఒకటి మీ దగ్గర. సంతకం అంకుల్‌ది ఉండాలి, అబ్బాయిది కాదు, ఇల్లు ఆంటీ పేరు మీద ఉంటే ఆంటీది. కరెంటు బిల్లు మీదో ఆస్తి పన్ను రసీదు మీదో ఎవరి పేరుందో ముందు చూడండి.

నెల్లూరు_కుందలహళ్ళి

పన్ను రసీదు అడిగి తీసుకున్నా. ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది, ఇద్దరూ సంతకం పెడతామన్నారు. గురువారం వెళ్తున్నాం.